గేమ్ మధ్యలో కంప్యూటర్ బిగుసుకుపోతోందా? తప్పు ఏ పార్టుదో పట్టుకునే పద్ధతి

మే నెలలో నా కంప్యూటర్‌కి ఒక రోగం పట్టుకుంది. గేమ్ మొదలెట్టిన నలభై నిమిషాలకో, గంటకో తెర ఉన్నది ఉన్నట్టు ఆగిపోయేది. స్పీకర్లలో చివరి శబ్దం ముక్క తేనెతుట్టె కదిపినట్టు "జ్‌జ్‌జ్‌జ్" అని మోగుతూనే ఉండేది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేయాల్సిందే. షాపులో అడిగితే "ఎస్‌ఎంపీఎస్ పోయుంటుందండీ" అన్నారు. గోడలోని కరెంటును పార్టులన్నిటికీ పంచే డబ్బా అది. ఆరున్నర వేలు పోసి కొత్తది వేయించాను. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ అదే జ్‌జ్‌జ్. ఆ రెండు రోజులూ వాన పడి ఊరంతా చల్లబడిందన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

అసలు దొంగ ఎవరో తేలడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదీ, తర్వాత స్నేహితుల మెషిన్ల మీద చేసి చూసిందీ కలిపి ఇక్కడ వరసగా రాస్తున్నాను. విండోస్ 10 గానీ 11 గానీ ఉన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. వరస మార్చకండి. ముందు పైసా ఖర్చులేని పనులు, తర్వాత స్క్రూడ్రైవర్ పనులు, పర్సు తీయడం అన్నిటికన్నా చివర.

1. ముందు బ్యాకప్, తర్వాత ఒక నోట్‌బుక్

ఫ్రీజ్‌కి కారణం డిస్క్ అయితే మీరు చేసే పరీక్షలే దాని ఆఖరి ఊపిరి తీయొచ్చు. అందుకని ఫొటోలు, సర్టిఫికెట్లు, ఆఫీసు ఫైళ్లు ముందే బయట ఎక్కడైనా పెట్టేయండి. గేములు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

నోట్‌బుక్కో, ఫోన్‌లో నోట్సో పెట్టుకోండి. ఆగిన ప్రతిసారీ టైము, ఏ గేమ్, మొదలెట్టిన ఎన్ని నిమిషాలకి, ఏసీ నడుస్తోందా, అప్పుడే కరెంటు ఏమైనా రెప్పకొట్టిందా, ఇవన్నీ ఒక లైను రాయండి. చాదస్తంగా అనిపిస్తుంది. కానీ నా కేసు తేలింది ఈ నోట్స్ వల్లే. పదకొండు ఫ్రీజుల్లో పది మధ్యాహ్నం పన్నెండుకీ సాయంత్రం ఐదుకీ మధ్యే జరిగాయి.

ఇంకొక్క కట్టుబాటు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్ తీసి పెట్టి, డ్రైవర్ మార్చి, బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, అన్నీ ఒకే సాయంత్రం కానిచ్చేస్తే రోగం తగ్గినా ఏ మందుకి తగ్గిందో తెలీదు. మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు.

2. ఎలా ఆగిందో గమనించండి

తెర ఆగగానే మన చెయ్యి పవర్ బటన్ మీదకి పోతుంది. ఆగండి. ఒక రెండు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా చూడండి.

క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతోందంటే విండోస్ బతికే ఉంది, గేమో గ్రాఫిక్సో మాత్రమే పడుకుంది. లైటు కదలకపోతే మొత్తం మెషినే బిగుసుకుపోయింది. ఆడుతూ మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో ఉన్నప్పుడు ఆగితే ఇంకా సులువు. తెర ఆగినా "ఏరా, ఎక్కడున్నావ్, కవర్ ఇవ్వు" అని స్నేహితుల గొంతు వినిపిస్తోంటే, మీ మాట వాళ్లకి చేరుతోంటే, ప్రాసెసర్, ర్యామ్, నెట్ అన్నీ పని చేస్తున్నట్టే. అనుమానం గ్రాఫిక్స్ కార్డు వైపు తిప్పండి. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర ఒకసారి మినుకుమని తిరిగొస్తే మీ అనుమానం నిజమే.

తెర నల్లబడి మానిటర్ "నో సిగ్నల్" అని, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా విమానంలా అరుస్తుంటే అది కార్డు గానీ, దానికి అందే కరెంటు గానీ. శబ్దం ముక్క జ్‌జ్‌జ్ అని తిరుగుతూ అన్నీ చచ్చుబడితే ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు. పది ఇరవై సెకన్లు ఆగి తనంతట తనే తేరుకుంటే డిస్క్. ఆగడమే కాక తనంతట తను రీస్టార్ట్ అయిపోతే కరెంటు సరఫరా, కాకపోతే ప్రాసెసర్. ఇవి తీర్పులు కావు, ఎటు నుంచి వెతకడం మొదలెట్టాలో చెప్పే గుర్తులు.

3. సాఫ్ట్‌వేర్ సంగతి త్వరగా తేల్చేయండి

ఒక్క గేమ్‌లోనే ఆగుతూ మిగతావన్నీ గంటల కొద్దీ నడుస్తుంటే ముందు ఆ గేమ్ ఫైళ్లను స్టీమ్‌లోనో ఎపిక్‌లోనో వెరిఫై చేయండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని డీడీయూ అనే ఉచిత టూల్‌తో సేఫ్ మోడ్‌లో పూర్తిగా తీసేసి మళ్లీ ఎక్కించండి. రోగం ఏదైనా అప్‌డేట్ తర్వాతే మొదలైతే పాత వెర్షన్ వేసి చూడండి. ఆర్‌జీబీ లైట్ల సాఫ్ట్‌వేర్లు రెండు మూడు ఉంటే తీసేయండి. ఒకే సెన్సర్ కోసం రెండు కొట్టుకుని మెషిన్ని ఆపేసిన సందర్భాలు చూశాను. దీనికి ఒక సాయంత్రం చాలు. రెండు మూడు గేముల్లో, పైగా కొత్త డ్రైవర్ మీద కూడా ఆగుతుంటే ఇక హార్డ్‌వేర్ వైపు నడవండి.

4. విండోస్ రాసుకున్న డైరీ చదవండి

స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతికితే రోజువారీ పట్టిక వస్తుంది. ఎర్ర గుర్తులున్న రోజుల మీద నొక్కితే ఏం జరిగిందో కనిపిస్తుంది. అంతకన్నా లోతుగా కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కి వెళ్లి, ఫ్రీజ్ అయిన టైముకి కాస్త ముందున్న ఎర్ర, పసుపు లైన్లు చూడండి.

అక్కడ అందరినీ తప్పుదోవ పట్టించేది కెర్నెల్-పవర్ 41. పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పోయిందని చాలామంది తేల్చేస్తారు. షాపువాళ్ల మాట నేను నమ్మి ఆరున్నర వేలు పోసింది కూడా ఆ లైను చూసే. నిజానికి దాని అర్థం "పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు" అని మాత్రమే. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే లైను పడుతుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని, పవర్ బటన్ టైమ్‌స్టాంప్ దగ్గర సున్నా కాక పెద్ద అంకె ఉంటే బటన్ నొక్కి ఆపింది మీరేనని తెలుస్తుంది.

పనికొచ్చే లైన్లు వేరే ఉన్నాయి. సోర్స్ దగ్గర డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ అని కనిపిస్తే హార్డ్‌వేరే స్వయంగా ఫిర్యాదు రాసుకుందన్నమాట. అందులో 18 అంటే కోలుకోలేని తప్పు. లోపల ఏపీఐసీ ఐడీ అని ఒక అంకె ఉంటుంది. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే ప్రాసెసర్‌లో ఒకే కోర్ తడబడుతోందని గట్టి అనుమానం. 17 చాలాసార్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డులు, డిస్కులు బోర్డుతో మాట్లాడే దారి) లైన్లో దిద్దుకోగలిగిన తప్పు. అవి వందల్లో పడుతుంటే గ్రాఫిక్స్ కార్డు, రైజర్ కేబుల్ (కార్డును స్లాటుకి దూరంగా పెట్టడానికి వాడేది), ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ (బోర్డు మీదే గుచ్చే ఎస్‌ఎస్‌డీ) వైపు చూడాలి. డిస్‌ప్లే 4101 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబివ్వడం మానేసి మళ్లీ లేచింది. విండోస్ దానికి మామూలుగా ఇచ్చే గడువు 2 సెకన్లు. డిస్క్ పేరుతో 7, 153, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 పడితే డిస్క్ గానీ, దాని కేబుల్ గానీ.

బ్లూ స్క్రీన్ కూడా వస్తుంటే పేరు ఫొటో తీయండి. ఒక్కోసారి ఒక్కో పేరు, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వస్తుంటే నేనైతే మిగతావన్నీ పక్కనబెట్టి ముందు ర్యామ్ చూస్తాను.

5. చచ్చే ముందు ఒంట్లో ఎలా ఉందో రికార్డు చేయండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. సెన్సర్స్ ఓన్లీ మోడ్‌లో తెరిచి, కింద ఉన్న లాగింగ్ గుర్తు నొక్కితే ప్రతి 2 సెకన్లకి అన్ని అంకెలూ ఒక ఫైల్లోకి ఎక్కుతాయి. సెట్టింగ్స్‌లో దాన్ని 1 సెకనుకి తగ్గించండి. ఇక గేమ్ ఆడండి. ఆగిపోయాక మళ్లీ ఆన్ చేసి ఆ ఫైలు ఎక్సెల్లో తెరిచి చివరి పది పదిహేను వరసలు చూడండి.

ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ కార్డు వేడి, దాని హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు), మెమరీ జంక్షన్ (కార్డు మెమరీ చిప్పుల వేడి), 12 వోల్టుల లైను, ఈ ఐదు చాలు. అంకెలు చూసి కంగారు పడకండి. ఏఎండీ రైజెన్ 7000 వరసలో చాలావాటిని 95 డిగ్రీల దాకా పోయేలాగే తయారుచేశారు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100. గ్రాఫిక్స్ కార్డు 80 దాటి కాసేపు నడిస్తే కొంప మునగదు. హాట్‌స్పాట్ అంకె మామూలు అంకె కన్నా 10 నుంచి 20 ఎక్కువ ఉండడం సహజం. 30 దాటితే లోపలి పేస్ట్ ఎండిపోయిందో, హీట్‌సింక్ సరిగ్గా అతుక్కోలేదో అనుకోవాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డుల్లో జంక్షన్ 110కి చేరితే కార్డు తనే వేగం తగ్గించుకుంటుంది.

వేడి ఎక్కువైతే ఆధునిక పార్టులు ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతే మెషిన్ని ఆపేస్తాయి. అంటే వేడెక్కిన ప్రాసెసర్ లక్షణం ఫ్రేములు పడిపోవడం, లేదా టప్పున ఆరిపోవడం. తెర బిగుసుకుపోవడం దాని అలవాటు కాదు. అంకెలన్నీ మామూలుగానే ఉండి ఫ్రీజ్ అయితే "వేడి కాదు" అనడానికీ లేదు. సెన్సర్ లేని పార్టులూ ఉంటాయి. నా దొంగ అక్కడే దాక్కున్నాడు.

6. ఓవర్‌క్లాకులన్నీ తీసి మామూలు స్థితికి తెండి

ఓవర్‌క్లాక్ అంటే పార్టును మామూలు వేగం కన్నా ఎక్కువలో నడపడం. బయాస్‌లోకి వెళ్లి "లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్" కొట్టండి. దాంతో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో, ప్రాసెసర్ వేగమో వోల్టేజీయో మార్చే పీబీఓ, కర్వ్ ఆప్టిమైజర్, అండర్‌వోల్టింగ్ అన్నీ పోతాయి. విండోస్‌లో గ్రాఫిక్స్ కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ లాంటివి ఉంటే వాటినీ రీసెట్ చేయండి.

"ర్యామ్ డబ్బా మీదే 3600 అని రాసుంది కదా, ఎక్స్‌ఎంపీ ఓవర్‌క్లాక్ ఎలా అవుతుంది?" అని అడుగుతారు. ఎక్స్‌ఎంపీ తీసేస్తే డీడీఆర్4 ర్యామ్ చాలావరకు 2133కో 2400కో 2666కో దిగుతుంది, 1.2 వోల్టులకి వస్తుంది. ఎక్స్‌ఎంపీలో చాలా కిట్లు 1.35 అడుగుతాయి. డబ్బా మీది అంకె ర్యామ్ కంపెనీ మాట. దాన్ని మీ ప్రాసెసర్, మీ బోర్డు కలిసి మోయగలవా అన్నది వేరే మాట.

ఇలా రెండు మూడు రోజులు ఆడండి. ఫ్రీజ్ మాయమైతే ఒక్కొక్కటీ తిరిగి పెట్టి ఏది పెడితే వస్తోందో చూడండి. కర్వ్ ఆప్టిమైజర్‌తో తిప్పలుపడే రైజెన్‌లు గేమ్‌లో నిక్షేపంలా నడిచి, ఖాళీగా బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు ఆగిపోతుంటాయి. మొదటితరం రైజెన్లలో ఖాళీగా ఉన్నప్పుడు ఆగే జబ్బు మామూలుగానే ఉండేది. బయాస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ని "టిపికల్ కరెంట్ ఐడిల్"కి మారిస్తే చాలామందికి తగ్గింది.

7. డోరు తెరిచి దుమ్ము దులపండి

ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన ఛార్జ్ పోనివ్వండి. చేత్తో క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని పని మొదలెట్టండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అది విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టండి, పవర్ కేబుళ్లు టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి, 24 పిన్నులదీ, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నులదీ కూడా. ర్యామ్ తీసి దాని బంగారు పళ్లను రబ్బరుతో రుద్దడం మన షాపుల్లో తరతరాల వైద్యం. పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆ రబ్బరు పొట్టు స్లాట్లో పడితే కొత్త జబ్బు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ముంచిన గుడ్డతో తుడవడం మేలు.

రెండు ర్యామ్‌లే ఉంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాటు, నాలుగో స్లాటులో పెట్టాలి. డీడీఆర్5 ర్యామ్ ముట్టుకున్నాక మొదటిసారి ఆన్ చేస్తే తెర మీద ఏమీ రాకుండా కొన్ని నిమిషాలు ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌తో ట్రైనింగ్ చేసుకుంటోంది. భయపడి ఆపేయకండి.

8. ర్యామ్

పరీక్షకి రెండు టూల్స్ ఉన్నాయి, మెమ్‌టెస్ట్86, మెమ్‌టెస్ట్86 ప్లస్. పేర్లు కవల పిల్లల్లా ఉన్నా వేరు వేరు. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. విండోస్‌లో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ తప్పు చూపిస్తే నమ్మండి, బాగుందంటే నమ్మకండి. మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్ నాలుగు పాస్‌లు చేస్తుంది. 16 జీబీకి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. చివర్లో వచ్చే రో హ్యామర్ పరీక్ష ఒక్కటే మినహాయింపు, అందులో వచ్చేదాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఎర్రర్ వస్తే ఒక్కో ర్యామ్ స్టిక్కునీ విడిగా, ఒకే స్లాట్లో పెట్టి మళ్లీ పరీక్షించండి. స్టిక్కు ఎక్కడ పెట్టినా తప్పొస్తే స్టిక్కే పోయింది. ఏ స్టిక్కు పెట్టినా ఒకే స్లాట్లో తప్పొస్తే బోర్డు, లేదా ప్రాసెసర్ సాకెట్ పిన్నులు. ఎక్స్‌ఎంపీ పెట్టినప్పుడే తప్పొస్తే వేగం ఒక మెట్టు దించి వాడుకోవచ్చు.

ఇప్పుడు నా సంగతి. నేనూ రాత్రి మెమ్‌టెస్ట్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే నాలుగు పాస్‌లు, సున్నా ఎర్రర్లు. ర్యామ్ మీద అనుమానం కొట్టేశాను. అక్కడే బోర్లా పడ్డాను. ఆ రాత్రి గదిలో ఏసీ ఉంది. మెమ్‌టెస్ట్ నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు పనిలేక చల్లగా కూర్చుంటుంది. గేమ్ ఆడేటప్పుడు అదే కార్డు రెండొందల పైచిలుకు వాట్ల వేడిని కక్కుతుంది. నా కార్డు వెనక భాగం తెరిచి ఉండే రకం, ఆ వేడిగాలి తిన్నగా పైనున్న ర్యామ్ మీదకే పోతుంది. గది 25 నుంచి 38కి పెరిగితే లోపలి పార్టులూ దాదాపు ఆ 13 డిగ్రీలూ పెరుగుతాయి. నా డీడీఆర్4 స్టిక్కులకి వేడి కొలిచే సెన్సరే లేదు. డీడీఆర్5లో ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో చూసుకోవచ్చు.

నోట్స్‌లో దాదాపు అన్నీ మధ్యాహ్నాలే కనిపించేసరికి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. క్యాబినెట్ పక్క డోరు ఊడదీసి, హాల్లోని టేబుల్ ఫ్యాను తెచ్చి స్టూలు మీద ఎక్కించి, గాలి లోపలికి తగిలేలా తిప్పాను. మా అమ్మ చూసి "దానికి కూడా ఉక్కపోస్తోందా?" అంది. మండే ఎండలో నాలుగు గంటలు ఆడాను. ఒక్కసారీ ఆగలేదు. ఫ్యాను తీసేశాను. ముప్పావు గంటలో జ్‌జ్‌జ్.

ఆ తర్వాత విండోస్‌లోనే టెస్ట్‌మెమ్5 అనే టూల్‌తో ర్యామ్‌ని, ఫర్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డుని ఒకేసారి మధ్యాహ్నం పూట నడిపాను. ఇరవై నిమిషాల్లో ఎర్రర్లు. స్టిక్కులు విడివిడిగా పెడితే రెండోదే దొంగ అని తేలింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఎనిమిది జీబీల ఎలుక.

అందుకే చెప్తున్నాను, మన ఎండల్లో టేబుల్ ఫ్యాను కూడా పరీక్ష పనిముట్టే. డోరు తీసి గాలి కొడితే ఫ్రీజ్ ఆగిందంటే, సెన్సర్ అంకెలు ఎంత అందంగా ఉన్నా తప్పు వేడితో ముడిపడ్డదే. అది ర్యామ్ కావచ్చు, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎమ్ కావచ్చు, ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ కావచ్చు. చిన్న ఫ్యాన్‌తో ఒక్కోదాని మీదకే గాలి తిప్పితే ఏదో తెలిసిపోతుంది.

9. డిస్క్

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. హార్డ్ డిస్క్, సాటా ఎస్‌ఎస్‌డీల్లో 05, సీ5, సీ6 అన్న వరసల్లో సున్నా కాకుండా అంకె ఉండి, అది రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ పోతోంది. సీ7 మాత్రమే పెరుగుతుంటే చాలావరకు డిస్క్ తప్పు కాదు, సాటా కేబుల్ మార్చండి, నూటో నూటయాభయ్యో అవుతుంది. ఎన్‌వీఎమ్‌ఈలో మీడియా ఎర్రర్లు, మిగిలిన స్పేర్ శాతం చూడండి. గేమ్ ఆగినప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100% చూపిస్తూ, చదివే వేగం మాత్రం సున్నా దగ్గర ఉంటే అది ఇంకో గట్టి గుర్తు. గేమ్‌ని వేరే డిస్క్ మీదకి మార్చి ఆడితే నిర్ధారణ అయిపోతుంది.

10. గ్రాఫిక్స్ కార్డు

ఫర్‌మార్క్ వేడి పరీక్షకి మంచిది. కానీ దాంట్లో పాసై గేమ్‌లో ఆగే కార్డులు బోలెడు. గేమ్‌లో లోడు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫర్‌మార్క్‌లో ఒకే తీరుగా ఉంటుంది. ఓసీసీటీలోని 3డీ పరీక్ష, సూపర్‌పొజిషన్, 3డీమార్క్ కూడా నడపండి. రంగురంగుల చుక్కలు, గళ్లు కనిపిస్తే కార్డు మెమరీ మీద అనుమానం.

నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటుంది. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 70%కి తగ్గించి ఆడండి. ఫ్రీజ్ మాయమైతే ఎక్కువ కరెంటు లాగినప్పుడే తప్పు జరుగుతోందని అర్థం. అంటే కార్డు గానీ, ఎస్‌ఎంపీఎస్ గానీ. పవర్ మళ్లీ మామూలుకి పెట్టి, కోర్ క్లాకును (చిప్పు వేగాన్ని) 100 మెగాహెర్ట్జ్ తగ్గిస్తే మాయమైతే కార్డు చిప్పే అలిసిపోయింది. మెమరీ క్లాకు తగ్గిస్తే పోతే కార్డు మెమరీ. పైసా ఖర్చు లేకుండా ఇంత సమాచారం ఇచ్చే పరీక్ష ఇంకోటి లేదు.

కార్డును నిలువుగా పెట్టి రైజర్ కేబుల్ వాడుతుంటే ముందు ఆ కేబుల్ పీకి, కార్డును తిన్నగా స్లాట్లో పెట్టి చూడండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరానికి (జెన్ 3) చేసిన రైజర్‌ని నాలుగో తరం (జెన్ 4) వేగంలో నడిపితే నల్లతెరలు మామూలే. బయాస్‌లో స్లాటు వేగం జెన్ 3కి దించితే చాలు. బరువైన కార్డు కిందకి వాలిపోయి ఉంటే కింద ఏదైనా ఊత పెట్టండి.

11. ఎస్‌ఎంపీఎస్, గోడలోని కరెంటు

స్లాటు నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కేబుల్‌కి 75, 8 పిన్నులదానికి 150, ఇవీ లెక్కలు. రెండు 8 పిన్నుల సాకెట్లున్న కార్డుకి ఒకే కేబుల్ చివర రెండు తలలున్నది పెట్టేవాళ్లు ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి కేబుళ్లు లాగండి. 16 పిన్నుల కొత్త కనెక్టర్ అయితే పూర్తిగా లోపలికి దిగిందో లేదో టార్చి వేసి చూడండి. 2022 అక్టోబరులో ఆర్‌టీఎక్స్ 4090 కనెక్టర్లు కరిగిన ఉదంతాలు బయటపడ్డాక తేలిన పెద్ద కారణాల్లో ఒకటి సరిగ్గా దిగకపోవడమే. ఒక ఎస్‌ఎంపీఎస్ కేబుల్‌ని ఇంకో ఎస్‌ఎంపీఎస్‌కి ఎప్పుడూ పెట్టకండి. సాకెట్ ఒకేలా ఉన్నా లోపల తీగల వరస వేరు. పార్టులు కాలిపోతాయి.

12 వోల్టుల లైను లోడులో 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపే అంకె ఒక అంచనా మాత్రమే, మల్టీమీటర్ మాటే మాట. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత ఛార్జ్ ఉంటుంది.

తర్వాత గోడ వైపు చూడండి. 600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లే. గేమ్‌లో మీ మెషిన్ 450 లాగుతుంటే కరెంటు రెప్పకొట్టిన క్షణంలో అది చేతులెత్తేస్తుంది. రెండు రోజులు యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు అన్నీ తీసేసి తిన్నగా గోడలోని 16 ఆంప్స్ పాయింటుకి పెట్టి ఆడండి. బోరు మోటారు వేసినప్పుడో, ఏసీ కంప్రెసర్ లేచినప్పుడో ఆగుతోందేమో నోట్స్‌తో పోల్చండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ఎర్తింగ్ లేదు. అప్పుడు కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

12. ప్రాసెసర్

ప్రాసెసర్లు పాడవడం చాలా అరుదని ఏళ్ల తరబడి చెప్పుకునేవాళ్లం. ఇంటెల్ 13, 14 తరాలు ఆ మాటను మార్చేశాయి. అవసరానికి మించిన వోల్టేజీ అడిగే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) లోపం ఉందని ఇంటెల్ 2024 జులైలో ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్లు ఇచ్చింది. 65 వాట్లు, ఆపైన ఉన్న డెస్క్‌టాప్ చిప్పులకి ఇది వర్తిస్తుంది. అన్‌రియల్ ఇంజిన్ గేములు మొదట్లో షేడర్లు (బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాంలు) తయారుచేసుకునేటప్పుడు, కార్డులో మెమరీ దండిగా ఉన్నా "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని పడిపోవడం దీని ముద్ర. పాపం చాలామంది అది చూసి గ్రాఫిక్స్ కార్డు మార్చుకున్నారు.

మీది ఆ తరమైతే మొదట బయాస్ అప్‌డేట్ చేయండి. అది ఇకముందు నష్టం జరక్కుండా చూస్తుంది గానీ, ఇప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయదు. ఇంటెల్ ఈ చిప్పుల బాక్స్డ్ ప్రాసెసర్ల వారంటీని మరో రెండేళ్లు పెంచి ఐదేళ్లు చేసింది, వాడుకోండి. మిగతా ప్రాసెసర్లకి ఓసీసీటీలో గానీ, ప్రైమ్95లో గానీ ఓ గంట నడిపి ఎర్రర్ వస్తే, ర్యామ్ బాగుందని ముందే తేలి ఉంటే, అప్పుడే దోషం దానిమీద వేయండి.

13. చివరగా మదర్‌బోర్డు

బోర్డును నేరుగా పరీక్షించే మార్గం ఇంట్లో లేదు. మిగతావన్నీ నిర్దోషులని తేలాక మిగిలేది అది. అంతకు ముందు యూఎస్‌బీ హబ్బులు, క్యాప్చర్ కార్డు, అదనపు డిస్కులు అన్నీ పీకేసి, ఒక ర్యామ్, ఒక డిస్క్, కీబోర్డు, మౌస్‌తో మాత్రమే ఆడి చూడండి. ఒక స్నేహితుడి మెషిన్ని వారం రోజులు ఏడిపించింది చివరికి రెండొందల రూపాయల యూఎస్‌బీ హబ్బు.

తెలిసినవాళ్ల దగ్గర ర్యామో, ఎస్‌ఎంపీఎస్సో ఒక రోజుకి అరువు దొరికితే కొనడం కన్నా అదే మంచిది. హైదరాబాదు వాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో చెకింగ్ చేసిపెట్టే షాపులు చాలా ఉన్నాయి. మెషిన్ని వదిలేసి వచ్చేముందు "ఎన్ని నిమిషాలకి, ఏ గేమ్‌లో ఆగుతోంది" అన్నది కాయితం మీద రాసి క్యాబినెట్‌కి అంటించండి. లేదంటే పది నిమిషాలు డెస్క్‌టాప్ చూసి "బాగానే ఉందండీ" అని ఇచ్చేస్తారు.

14. వారంటీకి పంపేటప్పుడు

బిల్లు, పార్టు మీది సీరియల్ నంబరు ఫొటో, తప్పు కనిపిస్తున్నప్పటి వీడియో, ఈ మూడూ ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. నా స్టిక్కును మొదటిసారి సర్వీస్ సెంటర్ వాళ్లు "నో ఫాల్ట్" అని వెనక్కి పంపారు. ఏసీ గదిలో చల్లగా పరీక్షిస్తే ఎందుకు వస్తుంది? రెండోసారి టెస్ట్‌మెమ్5 ఎర్రర్ల వీడియో ఇచ్చి, గ్రాఫిక్స్ కార్డు కూడా నడుస్తుండగా వేడి మీద పరీక్షించమని రాసిచ్చాను. పదిహేను రోజులకి మార్చి ఇచ్చారు.

కిట్‌గా కొన్న ర్యామ్ అయితే ఒకటే పాడైనా రెండూ పంపమంటారు. ఆ పదిహేను రోజులూ మెషిన్ మూలన పడకూడదనుకుంటే ఎవరి దగ్గరైనా పాత 8 జీబీ స్టిక్కు ఒకటి అడిగి పెట్టుకోండి. నేనైతే మా బావమరిది ఆఫీసు కంప్యూటర్లోది పీక్కొచ్చాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు.